గంజాము తెలుగిండ్ల పెరడు

మన సంఘపు ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యదర్శిగారు కోరినప్పుడు నేను మొదట వెనుకాడితిని. చరిత్ర యనగా రాజులు, శాసనములు, యుద్ధములు అని మాకు బడిలో నేర్పిరి. నేను మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, ముప్పదియైదేండ్లు ఒక కార్యాలయమున గుమాస్తాగా దస్త్రములు కట్టినవాడను. శాసనములు చదువుట నాకు తెలియదు. కాని బరంపురములో మా ఇంటివెనుక నొక పెరడుండెను. ఆ పెరటికిని, అందులో మాతోపాటు కాపురముండిన పక్షులకును, పురుగులకును, పాములకును ఒక చరిత్ర కలదు. అందు కొంత దొరల పుస్తకములకెక్కినది. మిగిలినది మా నాయనమ్మ నోటినుండి నా చెవికెక్కినది. మొదటి భాగము గ్రంథాలయములలో భద్రముగానే యున్నది. రెండవ భాగమునకు నేను తప్ప వేరు గ్రంథాలయము లేదు గనుక వ్రాయుటకు పూనుకొంటిని.

కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, యానాము ప్రాంతముల చదువరులకు మా సీమ సంగతి కొంత చెప్పవలెను. గంజాము జిల్లా చిరకాలము మదరాసు రాజధానిలోనిదై యుండెను. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినప్పుడు బరంపురము, ఛత్రపురము, పర్లాకిమిడి అందు చేరెను. ఇచ్ఛాపురము, టెక్కలి ఈవల నిలిచి విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోనివయ్యెను. మా నాయనమ్మ పుట్టిల్లు ఇచ్ఛాపురమునకు దాపున నొక పల్లె. "నేను గడప దాటలేదు, నా పుట్టిల్లే రాష్ట్రము దాటిపోయింది" అని ఆమె నవ్వుచుండెడిది. బరంపురములో పట్టు నేయు దేవాంగులు మొదలుకొని వర్తకము, పౌరోహిత్యము, వకాలతు చేయువారివరకు తెలుగు కుటుంబములు తరతరములుగా నున్నవి. రాష్ట్రపతి పదవి నలంకరించిన వరాహగిరి వెంకటగిరిగారు 1894లో ఈ యూరనే జన్మించిరి. వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తిగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండిరి. వారి సీమవాడనయ్యు నేను ఈ గ్రాంథికమును విడువలేకున్నాను. చిన్ననాడు బెత్తముతో నేర్పిన భాష పెద్దతనమున వదలదు.

మా వీధి ఇండ్లన్నియు వెడల్పు తక్కువ, పొడవెక్కువ. వీధివైపు అరుగు, దాని వెనుక సావిడి, తరువాత గదులు, వంటిల్లు, అన్నిటికి కొసను పెరడు. ఇల్లెంత పొడవో పెరడును దాదాపు అంత. నడుమ గిలకబావి. బావి చప్టానుండి నీరు పారుచోట అరటి, కరివేప, బచ్చలితీగ. గోడనానుకొని మునగ. మూల పశువులశాల, దాని వెనుక వేపచెట్టు. మందార, నందివర్ధనము, పారిజాతము పూజకు. దక్షిణపు సరిహద్దున గోడ లేదు, మొగలిపొదలే కంచె. మా జిల్లాలో మొగలి విస్తారము. ఆ పూవులనుండి తీయు అత్తరునకు గంజాము పేరు దేశమంతట ప్రసిద్ధము. తొలకరి పడగానే ఆనప, బీర, పొట్ల, దొండ పాదులు పెట్టి పందిళ్లు వేసెడివారు. పొట్లకాయ వంకరపోకుండ కొసకు రాయి కట్టుట పిల్లల పని.

పెరడు స్త్రీల రాజ్యము. మగవారు తెల్లవారి ముఖము కడుగుకొనుటకు, రాత్రి భోజనానంతరము చేయి కడుగుకొనుటకు మాత్రమే అక్కడికి పోయెడివారు. కావుననే పెరటి ప్రాణుల పేర్లు స్త్రీలకు తెలిసినట్లు మగవారికి తెలియవు. మా నాన్నగారికి కాకి, పిచ్చుక, చిలుక, గ్రద్ద యని నాలుగే పక్షులు. మా నాయనమ్మకు నలుబదికి తక్కువ లేవు. ఆమెకు పిగిలిపిట్ట వేరు, పెద్ద నలంచి వేరు, గోరింక వేరు, జెముడుకాకి వేరు. వంగ మొక్కలోను మందారలోను ఆకులను కుట్టి గూడు చేసికొను చిన్నపిట్టను ఆమె లిక్కుజిట్ట యనెడిది. జిట్ట యనగా పిట్టయే.

ఈ లిక్కుజిట్ట మాటను నేను ఏబదియేండ్లు మరచితిని. ఉద్యోగము విరమించిన పిదప గ్రంథాలయములో 'బర్డ్స్ ఆఫ్ ఇండియా' యను పాత పుస్తకము తిరుగవేయుచుండగా ఆ మాట ఇంగ్లీషు అక్షరములలో నా కంటబడెను. చాలసేపు ఆ పుట త్రిప్పలేకపోతిని. దానిని వ్రాసినవాడు థామస్ జెర్డాను అను వైద్యుడు. ఆయన 1811లో పుట్టి, ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరి, 1836లో మదరాసునకు వచ్చి, మొట్టమొదట మా గంజాము సీమకే పంపబడెను. ఇక్కడి పటాలములు అప్పుడు జ్వరములతోను, రక్తవిరేచనములతోను బాధపడుచుండెను. తరువాత నెల్లూరులో వైద్యాధికారిగా నుండి అక్కడి చీమలనుగూర్చియు పరిశోధించెను. 1862 మొదలు 1864 వరకు వెలువడిన ఆ పక్షిగ్రంథమున ఆయన తనకు దొరకినంతవరకు ఒక్కొక్క పక్షికి హిందూస్థానీ, బంగాళీ, తమిళ, తెలుగు పేర్లనిచ్చెను. ఆ తెలుగు పేర్లు ఆయనకెవరు చెప్పిరో పేరుపేరున వ్రాయలేదు. వలలు పన్ని పిట్టలు పట్టువారే కొన్ని చెప్పియుందురు. కాని లిక్కుజిట్ట వలకు చిక్కు పిట్ట కాదు, కూరకు పనికివచ్చునదియు కాదు. ఏ వంటింటి గుమ్మమునుండియో, ఏ బావిగట్టునుండియో ఒక ముసలమ్మ చెప్పినమాట నౌకరు ద్వారా దొరగారికి చేరినదని నా ఊహ. ఊహయే గాని ప్రమాణము లేదు.

జెర్డానుకు పూర్వమే విశాఖపట్టణమున పాట్రిక్ రస్సెల్ అను వేరొక వైద్యుడు పాములను చిత్రింపించి, వాని విషమును పరీక్షించి, 1796లో పెద్ద పుస్తకము ప్రకటించెను. ఏది విషసర్పమో ఏది కాదో జనులకు తెలియవలెనని ఆయన తలంపు. ఆయన పాములకు క్రొత్తపేర్లు పెట్టక, ఊరివారు చెప్పిన తెలుగు పేర్లనే వ్రాసికొనెను. నేడు రక్తపింజర యనబడు పామును కాటుకరేకుల పొడ యని ఆయన పుస్తకమున చూడవచ్చును. మచ్చల అంచులలోని నలుపును చూచి కాటుక దిద్దిన రేకులవలె నున్నవన్నవాడు ఎవ్వడో గాని మంచి కన్నులు గలవాడు. మరియొక పామును బంగారుపాము అని వ్రాసెను. ఆ మాటనుండియే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోడాఁ 1803లో కట్లపాముల జాతికి బంగారస్ అను శాస్త్రనామము చేసెను. నేటికిని ప్రపంచమంతట వైద్యులు కట్లపామును ఆ తెలుగు మాటతోనే పిలుచుచున్నారు. ఇంగ్లీషువారి బాండికూట్ కూడ మన పందికొక్కే. ఆ మాట ఓడయెక్కి ఆస్ట్రేలియాకు పోయి, అక్కడ పొట్టసంచిలో పిల్లలను మోయు, మన పందికొక్కుతో ఏ చుట్టరికమును లేని జంతువునకు పేరయ్యెను. మా వడ్లగాదెకు కన్నము వేసిన దొంగకు ఇంత కీర్తి వచ్చునని మా నాయనమ్మ ఎరుగదు.

మొక్కల విషయములో రాక్స్‌బర్గు 1793లో కలకత్తాకు పోవువరకు సామర్లకోటలో తోట పెంచి పని చేసెను. అది యానామునకు దూరము కాదు. ఉత్తర సర్కారులకు కమీషనరుగా నుండిన వాల్టరు ఇలియట్ 1859లో 'ఫ్లోరా ఆంధ్రికా' యను పేర తెలుగు మొక్కల పేర్లపట్టిక ప్రకటించెను. పేర్లు వ్రాసియుంచుటవలన ఏమి లాభమని అడుగువారికి కలివికోడి సంగతి చెప్పుదును. జెర్డాను పేర వెలసిన ఆ పక్షి 1900 తరువాత ఎవరికిని కానరాక అంతరించినదని శాస్త్రజ్ఞులు తలచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల దొరకెను. అక్కడి పల్లెవారు అంతవరకు దానికి ఒక పేరు నిలుపుకొనియే యుండిరి. లోకమునకు చచ్చిన పక్షి వారి నోట బ్రతికియే యున్నది.

ఇక మా పెరటికి వచ్చెదను.

మా నాయనమ్మ కాలమును నెలలతో గాక కార్తెలతో లెక్కించెడిది. మే 25వ తేదీ ప్రాంతమున రోహిణి వచ్చును. అప్పుడు వేపచెట్టుమీద కాకులు నోళ్లు తెరచుకొని కూర్చుండెడివి. ముంగిస పట్టపగలే బావిచప్టామీదికి వచ్చి, నిలిచిన నీరు త్రాగి, మమ్ము లక్ష్యపెట్టక పోయెడిది. పగిలిన కుండపెంకులలో నీరు పోసి చెట్టుక్రింద పెట్టుట ఆ పదునైదు దినములు మా ఇంట నియమము. జూన్ 8వ తేదీ ప్రాంతమున మృగశిర. మొదటి వాన పడిన సాయంకాలము ఉసిళ్లు పుట్టలనుండి పొగవలె లేచి దీపము చుట్టు మూగెడివి. అన్నములో పడునని దీపమార్పి, చీకటిలో భోజనము చేసెడివారము. తెల్లవారుసరికి సావిడినిండ రెక్కలే. చీమలు వానిని నిలువుగా పట్టుకొని పోవుచుండగా తెరచాపల ఓడలు వరుసగా పోవునట్లుండెడివి. ఈ ఉసిళ్లు చెదపురుగుల సంతానమేనని నాకు కార్యాలయమున చేరిన తరువాత తెలిసినది. రికార్డు గదిలో చెదలతో నేను చేసిన యుద్ధము చెప్పవలెనన్న వేరు వ్యాసము కావలెను.

జూన్ 22వ తేదీ ప్రాంతమున ఆర్ద్ర. ఎర్రని ముఖమలుగుడ్డ తునుకవంటి ఆరుద్రపురుగులు తడియిసుకమీద ప్రాకెడివి. వానిని అరచేత పెట్టుకొనిన కాళ్లు ముడుచుకొని కదలక పడియుండును. బోదురుకప్పల గొంతు బావిలో మారుమ్రోగెడిది. రాత్రి ఇలకోడి కూత ఆగినదనిన ఎవరో పెరటిలో నడచుచున్నారని మా తాతగారు లాంతరు తీసెడివారు. ఒకటి రెండు మారులు మానుపిల్లి జామపండ్లకొరకు వచ్చి పట్టుబడెను. కొబ్బరిచెట్టు ఆకుకొసలకు గిజిగాండ్లు గూళ్లు అల్లుట కూడ ఈ కాలముననే. మగపక్షి సగము అల్లి ఆడపక్షికి చూపును; అది ఒప్పుకొన్ననే మిగిలిన సగము అల్లును. ఒప్పుకొనని గూళ్లు సగములోనే వ్రేలాడుచుండును. మా నాయనమ్మ వానిని పెండ్లి తప్పిన ఇండ్లనెడిది.

వానకాలపు ఇంటిబాధలను వ్రాసిన తెలుగు కావ్యములలో కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద వంటిది వేరొకటి నాకు తెలియదు. కన్నడదేశమున రాజధాని గల రాజు, తమిళదేశపు విల్లిపుత్తూరు కథను, తెలుగున వ్రాసెను. మన సంచిక చదువరులకు ఇంతకంటె ఆప్తమైన గ్రంథముండునా? అందు తడికట్టెలు రాజుకొనక వంటింటి స్త్రీలు పడు యాతన యున్నది. కాలువలో తలలు రెక్కలలో దూర్చి నిద్రించు బాతులను చూచి, స్నానమునకు వచ్చినవారు మరచిన గుడ్డలనుకొని తలారులు నీట దిగుట యున్నది. రాజైయుండి ఆయన ఇవి చూచెనా, లేక చూచినవారిని అడిగెనా యని నేను పలుమారు అనుకొందును.

వానకాలమును తలచుకొనిన మరియొకటి చెప్పక తప్పదు. 1968 ఆషాఢమాసమున మా చిన్న మేనత్త ఆ పెరటిపామువలననే పోయినది. ఆమెకు పందొమ్మిదేండ్లు, నాకెనిమిది. వాన వెలిసి ఉక్కపోసిన రాత్రి అగుటచే ఆమె వంటింటి గడపప్రక్క చాప వేసికొని పరుండెను. తెల్లవారుజామున కడుపునొప్పి యనెను. ఏదో పడలేదనుకొని వాముకషాయమిచ్చిరి. కొంతసేపటికి కన్నులు తెరచియుంచలేకున్నాననెను. మాట ముద్ద కట్టెను. ఒంటిమీద గాయమేదియు కానరాలేదు. మా పాలేరు ఒడియావాడు. అతడు గడపప్రక్కనున్న పిడకలగంప కదలించి, వెనుకకు దూకి, "చితి! చితి!" అని అరచెను. ఒడియాలో కట్లపామును చితిసాప అందురు. మా నాయనమ్మకు అప్పటికి ఒడియా బాగుగా రాదు. ఇంకను ఊపిరియున్న బిడ్డయెదుట వీడు చితి యనుచున్నాడేమని ఆమె అతనిపై చేయి చేసికొనెను. అతడు భయపడి బయటికి పోయెను. ఆ మాట కర్థమేమో మా నాన్నగారు వచ్చి అతనిని అడిగి తెలిసికొనుసరికి చాల ప్రొద్దు పోయినది. తరువాత మంత్రగాడు, ఆ తరువాత బండి. ఆస్పత్రి చేరకమునుపే ఆమె ప్రాణము పోయెను.

కట్లపాము పగలు మందము, రాత్రి చురుకు. దాని కోరలు చిన్నవి. నిద్రలో కరచిన చాలమందికి నొప్పియే తెలియదు, గాటు కనబడదు, వాపు రాదు. కడుపునొప్పి, పిదప రెప్పలు వాలుట, మ్రింగుడు పడకపోవుట, ఊపిరి నిలుచుట, ఇదియే దాని క్రమము. నేలమీద పరుండువారికే అది ఎక్కువగా తగులును. మంచము, చుట్టును బిగించిన దోమతెర మంచి రక్షణ. త్రాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటి విషమునకును పనిచేయు ఒకే మందు మన ఆస్పత్రులలో నున్నది. ఆలస్యము చేయక పోవుట ఒక్కటే మన వంతు. ఇవి నేను పెద్దవాడనైన తరువాత చదివి తెలిసికొనిన సంగతులు. పల్లెలలో ఇండ్లు గల చదువరులు దయచేసి గుర్తుంచుకొనవలెను.

ఆ యేడు మా నాన్నగారు మొగలిపొదలన్నియు నరికి తగులబెట్టింతుననిరి. మా నాయనమ్మ వలదనెను. నులకమంచములు నాలుగు చేయించిరి. పిడకలను, వంటచెరకును ఇంటినుండి తీసి పశువులశాలకు మార్చిరి. కార్తికమాసము వచ్చెను. మన కన్నడ, మహారాష్ట్ర సోదరులు శ్రావణ పంచమినాడు నాగపూజ చేయుదురు. మాకు, మా ఒడియా ఇరుగుపొరుగువారికి కూడ, కార్తిక శుద్ధ చవితియే. ఈ యేడు ఎవరును పుట్టకు పోరని నేననుకొంటిని. తెల్లవారకమునుపే మా నాయనమ్మ తలస్నానము చేసి, పాలు, చలిమిడి, చిమ్మిలి పట్టుకొని మొగలిపొదల దగ్గరి పుట్టకు బయలుదేరెను. నేను వెంటబోయితిని. ఆమె పాలు పోసి చాలసేపు నిలువబడెను. "అత్తను కరచినదానికి పాలెందుకు నాయనమ్మా?" అని అడిగితిని. "అది మన ఇంటికి కావాలని రాలేదురా, వానకు తడిసి పొడిచోటు వెదుక్కుంటూ వచ్చింది" అనెను. ఇంటికి వచ్చి పాలేరును పిలిచి, అతనికి క్రొత్తబట్టలు పెట్టి, అప్పుడు ఏడ్చెను. ఆ దినమునుండి ఆమె అతనియొద్ద పురుగుపుట్రల ఒడియా పేర్లు ఒక్కొక్కటే నేర్చుకొనెను. ఉడుతను గుండుచిమూష యందురనియు, ముంగిసను నేవుల యందురనియు నాకు చెప్పినది ఒడియావారు కారు, ఆమెయే.

శరత్కాలమున దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మకము. కూర్చున్నప్పుడు మట్టిరంగు, ఎగిరినప్పుడే దాని నీలము. ఒడిశా, కర్ణాటక, తెలంగాణ మూడింటికిని రాష్ట్రపక్షి అదియే. ఆంధ్రప్రదేశము మాత్రము 2018లో రామచిలుకను ఎన్నుకొనెను. చలికాలమును గూర్చి చెప్పవలసినది తక్కువ. చిక్కుడుపాదు, గుమ్మడిపాదు, మంచు, రాత్రివేళ చిలుకసరస్సువైపు పోవు బాతుల రెక్కల చప్పుడు. క్రొత్తపంట ఇంటికి రాగానే వరివెన్నులను కుచ్చుగా అల్లి సావిడి దూలమునకు కట్టెడివారు. అది పిచ్చుకల వాటా. గుమ్మమున బియ్యపుపిండి ముగ్గు చీమల వాటా. పెంకుల సందులలో పిచ్చుకలు గూళ్లు పెట్టి గడ్డిపరకలు అన్నపు విస్తళ్లలో పడవేసెడివి. ఎవరును గూడు తీయరు. చైత్రమున వేప పూయగా తేనెటీగల రొద ఇంటిలోనికి వినవచ్చెడిది; ఉగాది పచ్చడికి ఇరుగుపొరుగు ఇండ్లవారందరు మా వేపపూవే తీసికొనిపోయెడివారు.

ఆ వేప 1999 అక్టోబరు 17వ తేదీన గోపాలపురమువద్ద తీరము దాటిన తుపానునకు రెండు కొమ్మలు మాత్రము పోగొట్టుకొని నిలిచెను. 2013 అక్టోబరు 12వ తేదీ రాత్రి ఫైలిన్ తుపానునకు వేళ్లతో కూలెను. ఆ రాత్రి మేము సావిడిలో తలుపులకు బల్లలు అడ్డముపెట్టి కూర్చుంటిమి. చెట్టు పడిన చప్పుడు గాలిహోరులో వినబడనేలేదు. ఉదయము చూడగా ఆకాశము ఖాళీగా నుండెను. దాని తొఱ్ఱలో తరతరములుగా కాపురమున్న పైడికంటి జంట నాలుగు దినములు పెరటిగోడపై పగటివేళ కూర్చుండి, తరువాత కనబడలేదు.

అన్నిటికిని తుపానులను నిందించుట న్యాయము కాదు. 1991లో పెంకులు తీసి శ్లాబు వేయించినది మేమే. వానకు కారని ఇల్లు కావలెనని కోరినవాడను నేనే. పెంకులు పోగా పిచ్చుకలకు సందు లేకపోయెను. వరికుచ్చు కట్టిన రెండేండ్లు అవి వచ్చి తిని పోయెడివి, మూడవ యేడు కుచ్చు అట్లే ఎండెను. ధాన్యము సంచులలో కుట్టబడి వచ్చుటయు, పిల్లలకు పెట్టుటకు పురుగులు దొరకకపోవుటయు కూడ కారణములని తెలిసినవారందురు. 2010 నుండి మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపుచున్నారు. ఆవును అమ్మితిమి. కుళాయి వచ్చిన పిదప బావిలో చెత్త వేయుట మొదలిడి, తుదకు పూడ్చితిమి. 2016లో అన్నదమ్ములము పంచుకొంటిమి. పంపకపు కాగితము నా చేతివ్రాతయే. గుమాస్తాపని అలవాటుచే జాబితా శ్రద్ధగా వ్రాసితిని: పూడ్చిన బావి 1, కొబ్బరిచెట్లు 2, జామ 1, పశువులశాల పెంకు 400. మొగలిపొదలకు విలువ లేదని వ్రాయలేదు. పుట్టయు అందులో లేదు. నా తమ్ముని వంతున ఇప్పుడు మూడంతస్తుల ఇల్లున్నది. అతని పిల్లల చదువులకు అది అవసరమే, నేను కాదనను.

నా వంతునకు వచ్చినది ఆరడుగుల వెడల్పున నొక పట్టెడు నేల. కరివేప, మందార, ఒక జామ. లిక్కుజిట్ట మాత్రము ఇంకను వచ్చుచున్నది. దానికి రెండు వెడల్పాటి ఆకులు చాలును. తెల్లవారుజామున పెద్ద నలంచి ప్రక్కయింటి నీళ్లతొట్టిమీద కూర్చుండి ఈలవేయును. నాయనమ్మ చెప్పిన పేర్లన్నియు ఒక నోటుపుస్తకమున తెలుగున, ప్రక్కన ఒడియా అక్షరములలో వ్రాయుచున్నాను. ఇంతవరకు ముప్పదియొకటి జ్ఞప్తికి వచ్చినవి. మిగిలినవి ఎవరికైన తెలిసిన, ముఖ్యముగా ఇచ్ఛాపురము, పర్లాకిమిడి ప్రాంతపు పెద్దమ్మలకు, సంఘమునకు జాబు వ్రాసిన కృతజ్ఞుడనగుదును.

క్రిందటి యేడు ఆర్ద్రకార్తెలో, రెండు దినములు వాన పడిన పిమ్మట, నా మనుమడు ఆ పట్టెడు నేలమీద గొంతుకూర్చుండి నన్ను కేకవేసెను. అరచేతిలో ఎర్రని పురుగొకటి. "తాతా, సాధబబొహు!" అనెను. బడిలో ఒడియా పిల్లలు నేర్పిన పేరది. సాధబులనగా పూర్వము ఓడలలో దూరదేశములకు పోయిన ఒడియా వర్తకులు. బొహు వారింటి కోడలు. ఎర్రపట్టుచీర కట్టి గుమ్మము దాటిన కొత్తకోడలట! "మనము ఆరుద్రపురుగు అందుము" అని నేను చెప్పితిని. వాడు రెండు పేర్లును ఒకదాని వెనుక నొకటి పలికి, ఏ పేరునకు అది కాళ్లు చాచునో చూతమని కదలక కూర్చుండెను. నేనును ప్రక్కన కూర్చుంటిని.